బొగ్గు ఆగిన నెలలో జెల్ పూసలు

మాదాపూర్‌లో పెద్ద అద్దాల మేడల వెనక వీధిలో ఐదంతస్తుల భవనం ఒకటి ఉండేది. పైవన్నీ సాఫ్ట్‌వేర్ ఆఫీసులు. కింద, జనరేటర్ గదిని ఆనుకొని, మా ల్యాబ్. ఆ భవనంలో పనిచేసే వందల మందిలో మేమక్కడ ఉన్నామని తెలిసినవాళ్లు తక్కువ. లిఫ్ట్ దగ్గర మా తెల్లకోట్లు చూసి, షుగర్ పరీక్ష చేస్తారా అని అడిగినవాళ్లున్నారు.

చిన్న కంపెనీ అది. యజమానిని మేము సార్ అనేవాళ్లం. కాకినాడ వైపు మనిషి. మందుల కంపెనీలో చాలా ఏళ్లు చేసి, సొంతంగా ఏదైనా నిలబెట్టాలని ఆ ఉద్యోగం మానుకున్నారు. ల్యాబ్‌లో పనిచేసేది ఇద్దరం. ఒకరు కెమికల్ ఇంజనీరు, నాకంటే కాస్త పెద్దది. ఊరు గోదావరిఖని, తండ్రి బొగ్గుగనిలో కార్మికుడు. రెండోదాన్ని నేను. మాది అనంతపురం జిల్లా. బయోకెమిస్ట్రీ చదివి, పెళ్లయ్యాక భర్త ఉద్యోగం ఉన్న హైదరాబాదుకు వచ్చి, చందానగర్‌లో కిరాయి ఇంట్లో ఉండేదాన్ని. చేరిన వారంలోనే ఆమెను అక్కా అని పిలవడం మొదలుపెట్టాను. ఆమె కూడా అంత త్వరగానే నన్ను ఏమే, ఒసే అనడం మొదలుపెట్టింది.

మేము చేసేవి పూసలు. బంధువులు ఎవరైనా అడిగితే అలాగే చెప్పేదాన్ని. దండలో గుచ్చే పూసలు కావు. కంటికి ఆనవు. మైక్రోస్కోపు కింద పెడితే ఉడికిన సగ్గుబియ్యంలా తేటగా, గుండ్రంగా కనిపిస్తాయి. మెత్తటి జెల్‌తో చేసినవి, లోపల చాలావరకు నీళ్లే.

వాటిని చేసే పద్ధతి అక్కది. అరచేతిలో పట్టే రబ్బరు బిళ్ల, గాజులా పారదర్శకంగా ఉంటుంది. దానిలోపల వెంట్రుకంత సన్నటి కాలువలు. మధ్య కాలువలోంచి జెల్‌గా మారే ద్రావణం వస్తుంది. రెండు పక్కల నుంచి నూనె వచ్చి దాన్ని నొక్కుతుంది. నొక్కిన చోట ద్రావణం తెగి బొట్టు అవుతుంది. ఒకటి తెగేలోపే ఇంకొకటి. కాస్త ముందుకు పోయాక అతినీలలోహిత దీపం వెలుగు తగిలి బొట్టు గట్టిపడి పూస అవుతుంది. నూనె, ద్రావణం రెండూ సిరంజీల్లోంచి వస్తాయి. సిరంజీలను నెమ్మదిగా, వేగం మారకుండా నెట్టడానికి కరెంటు పంపులుంటాయి.

మొదటిసారి అక్క నన్ను మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టి పంపు నడిపిన రోజు నాకు బాగా గుర్తుంది. బొట్లు ఒకదాని వెనక ఒకటి, అన్నీ ఒకే సైజులో పోతున్నాయి. నేను కళ్లు తియ్యలేకపోయాను.

"అక్కా, ఇవి ఎట్ల ఇట్ల ఒక్కటే లెక్క వస్తాండాయి?"

"నూనె ఒత్తిడి సరిగ్గ ఉంటె అట్లనే వస్తయి. మనం జర ఆగమైతె అవి గుడ ఆగమైతయి," అంది అక్క.

ఆ పూసల్లో కలపాల్సింది నా వంతు. గుండెపోటు వచ్చినప్పుడు దెబ్బతిన్న గుండె కండరంలోంచి ఒక ప్రోటీన్ రక్తంలోకి వస్తుంది. ఆ ప్రోటీన్‌ను మాత్రమే గుర్తుపట్టి పట్టుకునే యాంటీబాడీలను నేను ద్రావణంలో కలిపేదాన్ని. జెల్‌లో నీళ్లు ఎక్కువ కాబట్టి అవి చెడకుండా ఉంటాయి. పూస పైన మాత్రమే కాకుండా లోపలంతా ఉంటాయి కాబట్టి ఎక్కువ ప్రోటీన్‌ను పట్టగలవు. రోగి రక్తంలోంచి తీసిన సీరం ఒక చుక్క వేసి, వెలుగునిచ్చే రసాయనం కలిపితే, గుండెపోటు వచ్చినవాళ్ల చుక్కలో పూసలు పచ్చగా మెరవాలి. రానివాళ్ల చుక్కలో చీకటిగా ఉండాలి. పూసలన్నీ ఒకే సైజులో ఉంటేనే ఈ వెలుగును ఆ వెలుగుతో పోల్చగలం. అందుకే అక్క పని లేకుండా నా పని లేదు, నా పని లేకుండా ఆమె పనికి అర్థం లేదు.

ఈ పనే ఎందుకు ఎంచుకున్నావని ఒకసారి రైల్లో అడిగాను. అక్క లింగంపల్లిలో గది తీసుకొని ఉండేది. పొద్దున అక్కడ ఎం.ఎం.టి.ఎస్. ఎక్కి నాకోసం సీటు ఆపేది. నేను చందానగర్‌లో ఎక్కేదాన్ని. హైటెక్ సిటీ స్టేషన్ వరకు మా ముచ్చట్లు సాగేవి.

"మా అమ్మకు ఛాతీల నొప్పి వచ్చింది. దవాఖానకు తీస్కపోతె గ్యాస్ అన్నరు," అంది అక్క. "సూది ఇచ్చి ఇంటికి పొమ్మన్నరు. ఆటోల నాతోని మాట్లాడుకుంటనే వచ్చింది. ఇల్లు జేరినంక, నువ్వు తినలేదు గదా బువ్వ పెడ్త ఆగు అని లేసింది. అంతే ఇగ."

కిటికీలోంచి హఫీజ్‌పేట స్టేషన్ పోతుంటే ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం.

మమ్మల్ని దగ్గర చేసిన విషయం ఇంకొకటి ఉంది. మా ఇద్దరి మాటకూ ఆ భవనంలో నవ్వేవాళ్లు. ఆమె ఏంది, గిట్ల అంటే నవ్వేవాళ్లు. నేను వస్తాండా, పోతాండా అంటే కూడా నవ్వేవాళ్లు. సార్ నవ్వేవారు కాదు గానీ, "క్లయింట్లు వచ్చినప్పుడు కొంచెం మంచి తెలుగులో మాట్లాడండమ్మా," అని ఒకసారి అన్నారు. ఆయన వెళ్లాక అక్క నా వైపు తిరిగి, "మంచి తెలుగంట. మరి మనది ఏందే?" అంది. నాకు నవ్వాగలేదు.

అప్పటికే ఊరంతా తెలంగాణ ఉద్యమంతో ఉడుకుతోంది. బంద్‌లు, రైలు రోకోలు, గోడల మీద రాతలు. పై అంతస్తుల వాళ్లు మధ్యాహ్నం క్యాంటీన్‌లో వేర్వేరు బల్లల దగ్గర కూర్చోవడం నేను గమనించాను. ఇంట్లో నా భర్త, "ఇల్లు కొనే ఆలోచన కొన్నాళ్లు పక్కన పెడదాం. రేపు మనల్ని ఉండనిస్తారో లేదో," అనేవాడు. ఆ మాట నేను అక్కతో అన్నాను. ఆమెతో దాచడం నాకు అలవాటు లేదు.

"నిన్నెవరు పొమ్మంటరే? నేను లేనా?" అంది.

"మరి స్టేషన్ గోడ మీద రాసినారు కదక్కా, వెళ్లిపొండి అని?"

"అది నీకు రాసింది గాదు," అంది అక్క. ఆ జవాబు ఆమెకే నచ్చలేదని తెలుస్తూనే ఉంది. ఆ తర్వాత మేము ఆ సంగతి ఎత్తడం తగ్గించాం. తగువు పడింది లేదు. ఒకరినొకరం నొప్పించకూడదని తప్పుకొని తిరిగాం. ఇప్పుడు వెనక్కి చూస్తే, తగువు పడి ఉంటే నయమనిపిస్తుంది.

ఆ ఏడు వానలు తగ్గుతున్న రోజుల్లో రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. ఉద్యోగులు, బస్సుల వాళ్లు, బడుల వాళ్లు, వాళ్లతోపాటు బొగ్గుగనుల కార్మికులు. అక్క తండ్రి సమ్మెలో కూర్చున్నాడు.

"మా నాయిన పొద్దుగాల లేసి, స్నానం జేసి, టిఫిన్ డబ్బా పట్టుకొని టెంటు కాడికి పోతుండంట," అని అక్క చెప్పింది. ఆమె ముఖంలో అంత గర్వం నేనెప్పుడూ చూడలేదు. "ముప్పై ఏండ్లసంది భూమి లోపట పనిజేసిండు. గిన్ని రోజులు పగటి పూట ఎండల గూసునుడు ఇదే మొదటిసారి."

కరెంటు కేంద్రాలకు బొగ్గు రాకపోవడంతో కోతలు మొదలయ్యాయి. మొదట గంట, తర్వాత పూటలకు పూటలు. భవనంలో జనరేటర్ ఉండేది గానీ అది పై ఆఫీసులకే. మా వాటాకు లైట్లు, ఒక ఫ్యాను. సార్ కొన్న బ్యాటరీ మా యంత్రాలను కాసేపే మోసేది.

కరెంటు పోవడం కన్నా రావడమే మాకు ఎక్కువ నష్టం చేసింది. పోయినప్పుడు పంపులూ దీపమూ కలిసే ఆగేవి. వచ్చినప్పుడు దీపం తనంతట తానే వెలిగేది. పంపు మాత్రం మనిషి వచ్చి మీట నొక్కేదాకా నడిచేది కాదు. ఈలోగా కాలువలో నిలిచిపోయిన ద్రావణం దీపం కింద గట్టిపడిపోయేది. వెంట్రుకంత కాలువలో జెల్ బిగుసుకుంటే ఇక తీయలేం. ఆ బిళ్లను పారేసి ఇంకొకటి పోసుకోవాలి. పోయడానికి ఓవెన్ కావాలి, ఓవెన్‌కు కరెంటు కావాలి. అక్క దీపం ప్లగ్గు తీసి పెట్టడం, కరెంటు రాగానే పరుగెత్తడం, అన్నీ చేసింది. అయినా ఆ నెలలో మంచి బిళ్లలు ఒక్కొక్కటే పోయాయి.

అది ఎట్లాంటి నెలంటే, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గుండె డాక్టరు మా పూసలను పరీక్షించి చూస్తానని ఒప్పుకున్నారు. ఛాతీ నొప్పితో వచ్చిన వాళ్ల పరీక్షల్లో మిగిలిన సీరం ఇస్తామన్నారు. మేము చేయాల్సిందల్లా ఒకే విడతలో, ఒకే యాంటీబాడీతో సరిపడా పూసలు తయారుచేసి తీసుకెళ్లడం. ఆ యాంటీబాడీ విదేశం నుంచి రావాలి. నెలలు ఎదురుచూస్తే వచ్చింది. చిన్న చిన్న గొట్టాల్లో పంచి, ఫ్రీజర్‌లో పెట్టాను. చల్లదనం పోతే దాని బలం పోతుంది.

సమ్మె మధ్యలో వరసగా బంద్, సెలవు కలిసి వచ్చాయి. రైళ్లు లేవు, బస్సులు లేవు. బంద్ రోజు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"మాదాపూర్ దిక్కు నిన్న మధ్యాహ్నం నుంచి కరెంట్ లేదంటున్నరు. ఫ్రీజర్ సంగతేంది?"

వాచ్‌మన్‌కు ఫోన్ చేస్తే నిజమేనన్నాడు. నేను స్కూటీ తీశాను. నా భర్త వద్దన్నాడు, నేను వినలేదు. చందానగర్ మార్కెట్‌లో చేపల కొట్టు తెరిచి ఉంటే ఒక థర్మోకోల్ పెట్టె నిండా ఐసు వేయించుకున్నాను. లింగంపల్లిలో అక్కను ఎక్కించుకుంటే, ఆమె ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. నీళ్లు కారి ఆమె బట్టలు తడిశాయి.

కొత్తగూడ దగ్గర రోడ్డుకు అడ్డంగా టైర్లు వేసి, జెండాలు పట్టుకొని కుర్రాళ్లు నిలబడ్డారు. బండి ఆపమన్నారు.

"బంద్ ఉన్నదని ఎర్క లేదా? యాడికి పోతున్నరు?" అని ఒకతను నన్ను అడిగాడు.

నేను నోరు తెరిస్తే నా మాటతోనే నా ఊరు తెలిసిపోతుంది. అక్క నా భుజం మీద చెయ్యి వేసి ముందుకు వంగింది.

"తమ్మీ, మాది గోదావరిఖని. మా నాయిన గనిల కార్మికుడు, సమ్మెల ఉన్నడు. మేం ఆఫీసుకు పోతలేము. గుండె జబ్బు పరీక్షకు పెట్టిన మందు ఫ్రీజర్‌ల ఉన్నది. కరెంట్ లేదు. గీ ఐసు పెట్టి వస్తం."

ఆ కుర్రాడు పెట్టె మూత ఎత్తి చూశాడు. గోదావరిఖని అన్న మాట వినగానే అతని ముఖం మారిపోయింది. తనే ఒక టైరు పక్కకు లాగి, "పో అక్కా. మీ నాయిన లాంటోళ్లు ఉండబట్టే ఇది నడుస్తుంది," అన్నాడు.

కొంతదూరం పోయాక అక్క, "మంచి పిలగాడు," అంది.

ల్యాబ్‌లోకి వెళ్లేసరికి ఫ్రీజర్ కింద నేల మీద నీళ్లు మడుగు కట్టాయి. తలుపు తీశాను. లోపలి గాలి వెచ్చగా తగిలింది. గొట్టాలన్నీ ఎప్పుడో కరిగిపోయాయి. ఒక గొట్టం తీసి చేతిలో పట్టుకుంటే గది ఎంత వెచ్చగా ఉందో అదీ అంతే వెచ్చగా ఉంది. తెచ్చిన ఐసులోనే వాటిని సర్దాం. అలా సర్దడం వల్ల పెద్దగా లాభం లేదని ఇద్దరికీ తెలుసు. అయినా వరసగా, పేర్లు పైకి కనిపించేలా సర్దాం. అక్క నేల తుడిచింది. ఆ రోజు మేము ఏడవలేదు. తిరుగు దారిలో ఆ కుర్రాడు చెయ్యి ఊపితే అక్క కూడా ఊపింది.

సెలవులయ్యాక సార్ వచ్చారు. నేను జరిగింది చెప్పాను. ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. ఇల్లు తాకట్టు పెట్టి నడుపుతున్న కంపెనీ అది, ఆ సంగతి మాకు తెలుసు. అక్క వైపు చూసి, "మీ వాళ్ల సమ్మె మా కొంప ముంచిందండి," అన్నారు.

కోపంతో అన్న మాట కాదది. అలసిపోయిన మనిషి గొంతు. కానీ మీ వాళ్లు, మా కొంప అన్న రెండు మాటలూ గదిలో అలాగే ఉండిపోయాయి.

"సార్, దాంట్లో అక్క చేసిందేముంది? బంద్ రోజు ఐసు మోసుకొని వచ్చింది ఆమే కదా," అన్నాను నేను.

అక్క నన్ను ఆపింది.

"నాకు వకాలత్ వద్దే," అంది. తర్వాత సార్‌తో, "మా నాయిన జేసిన సమ్మెనే సార్. నేను కాదంటలేను. ఆయన జేసింది తప్పు అని గూడ అన. గాని ఈ పని గూడ నాదే. అది పోతె నాకు మీ కన్నా తక్కువ బాధ లేదు," అంది.

సార్ తల వంచుకున్నారు. "సారీ అమ్మా," అన్నారు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. అక్క కూడా "పర్వాలేదు సార్" అంది. అయినా ఆ రోజు తర్వాత ఆ గదిలో ముగ్గురం మాట్లాడుకునే తీరు మారిపోయింది. ప్రతి మాటా ముందు చూసుకొని అనేవాళ్లం.

కొత్త యాంటీబాడీ వచ్చేదాకా డాక్టరు ఆగలేరు. కరిగినదానిలోనే కొంత బలం మిగిలి ఉంటుందని నేను ఆశపడ్డాను. సమ్మె ముగిసి కరెంటు కుదుటపడ్డాక అక్క కొత్త బిళ్ల పోసింది. అంత చక్కటి పూసలు అంతకు ముందెప్పుడూ రాలేదు. మైక్రోస్కోపు కింద ఒక్క పూస పెద్దది లేదు, ఒక్కటి చిన్నది లేదు. చూసి ఇద్దరం సంతోషించాం. ఆ కాసేపు మళ్లీ మామూలుగా ఉన్నాం.

ఆసుపత్రిలో డాక్టరు ఓపిగ్గా చూశారు. గుండెపోటు వచ్చినవాళ్ల సీరంలో పూసలు మెరిశాయి, కానీ మసకగా. రానివాళ్ల సీరంలో కూడా అలాంటి మసక వెలుగే కొద్దిగా కనిపించింది. తేడా ఉంది. చూడాలని చూస్తే కనిపించేంత తేడా.

"మీ ఆలోచన బాగుంది. పూసలు చాలా బాగున్నాయి," అన్నారు ఆయన. "కానీ దీన్ని నమ్మి నేను ఒక మనిషిని గ్యాస్ నొప్పే అని చెప్పి ఇంటికి పంపలేను."

అక్క లేచి బయటికి వెళ్లింది. డాక్టరుకు ఆమె అమ్మ సంగతి తెలియదు. నేను వెనకే వెళ్లాను. వరండాలో గోడకు ఆనుకొని నిలబడి ఉంది. "ఆయన సరిగ్గనే చెప్పిండు," అంది. "అట్ల ఆలోచించే డాక్టర్ మాకు ఆనాడు దొరకలే."

తర్వాత జరిగింది క్లుప్తంగా చెప్పొచ్చు. పెట్టుబడి పెడతామన్నవాళ్లు వెనక్కి తగ్గారు. సార్ కొన్ని నెలలు లాగి, యంత్రాలు అమ్మి, బెంగళూరులో ఎవరో స్నేహితుడి కంపెనీలో చేరారు. అక్క ఊళ్లోని కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడానికి వెళ్లిపోయింది. నేను ఆసుపత్రుల పరీక్షల ఫలితాలను కంప్యూటర్‌లో సరిచూసే ఉద్యోగంలో చేరాను. ఇప్పటికీ అదే. రాష్ట్రం వచ్చింది. మమ్మల్ని ఎవరూ పొమ్మనలేదు. నల్లగండ్లలో ఫ్లాటు కొనుక్కున్నాం. రాష్ట్రం వచ్చిన రోజు అక్కకు ఫోన్ చేసి సంతోషమక్కా అన్నాను. వెనక డప్పుల మోతలో ఆమెకు సరిగ్గా వినిపించలేదు. ఏమే, ఏమంటున్నవ్ అని రెండుసార్లు అడిగింది. మళ్లీ చేస్తానని పెట్టేశాను. మళ్లీ చేసేసరికి చాలా రోజులైంది.

రెండు మూడేళ్లకు ఒక పెళ్లికి కరీంనగర్ వెళ్లినప్పుడు గోదావరిఖని పోయాను. అక్క బస్టాండుకు వచ్చింది. కాస్త లావైంది, కళ్లద్దాలు వచ్చాయి. ఇంట్లో ఆమె తండ్రిని మొదటిసారి చూశాను. రిటైరై ఇంట్లోనే ఉంటున్నాడు, దగ్గుతో మాట మధ్యలో ఆగుతుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని మా ఊరి గురించి, పంటల గురించి అడిగాడు. అక్క వంటింట్లోకి వెళ్లాక గొంతు తగ్గించాడు.

"బిడ్డా, ఒకటి అడుగుత. సమ్మె అప్పుడు టీవీల కరెంట్ కోతలు అని చూపెడుతుంటె నాకు మనసుల పడ్డది. నా బిడ్డ మిషన్లు గూడ కరెంట్ మీదనే నడుస్తయి గదా అని. ఫోన్ జేసి అడిగిన. మాకు పెద్ద జనరేటర్ ఉన్నది నాయినా, ఫికర్ జెయ్యకు అన్నది. నిజమేనా?"

ఉండె నాయనా, జనరేటర్ ఉండె, అన్నాను. జనరేటర్ ఉన్న మాట నిజమే. ఆయన నా ముఖం చూసి తల ఊపాడు.

"చెప్పినా గూడ నేను సమ్మెల నుంచి లేవకపోదును," అన్నాడు. "అందరం గూసున్నం. నేనొక్కన్నే ఎట్ల లేస్త? గాని చెప్తె, కనీసం నాకు ఎరుకైతుండె. ఇద్దరం కలిసి బాధపడుతుంటిమి."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అక్క విన్నదో లేదో నాకు తెలియదు. అన్నం పెట్టింది. ముగ్గురం కూర్చొని తిన్నాం. ఆమె విద్యార్థుల గురించి, మా అమ్మాయి చదువు గురించి మాట్లాడుకున్నాం.

బస్టాండుకు నడుస్తూ నేనే అడిగాను. "నాయనకు ఎందుకు చెప్పలేదక్కా?"

"ముప్పై ఏండ్లల ఒక్కసారి తలెత్తుకొని గూసున్నడే ఆయన," అంది. "అప్పుడు ఏమని చెప్పాలె?"

బస్సు వచ్చింది. నేను ఎక్కాక కిటికీలోంచి నా బ్యాగు అందించి, ఇంటికి చేరినంక ఫోన్ చెయ్ అంది. చేశాను. బస్సులో సీటు దొరికిందా, వాన పడిందా అని అడిగింది. చెప్పాను. ఆ తర్వాత ఆమె, సరే మరి, పొద్దున క్లాసున్నది అంది.